ఇంజనుకు పోసిన కడవలు

ఆ టేషన్ ఎందుకు మూసేసినారవ్వా అని అడిగితిరి కదా. జనం ఎక్కక మూసినారని మీ తాత చెప్పేటోడు. కాదు నాయనా. నిదానంగా చెప్తా, వినండి.

మాది రాయదుర్గం పోయే దావలో చిన్న టేషన్. రైలు మా కోసరం నిలిచేది కాదు, నీళ్ల కోసరం నిలిచేది. బొగ్గింజను కదా, దానికి దప్పిక జాస్తి. రైలోళ్లు తవ్వించిన బావి, పక్కనే ఎత్తుగా ఇనప తొట్టి, బావి నీళ్లు దాంట్లోకి ఎక్కించే మిషను. కరువొచ్చి ఊరి బావులన్నీ ఎండినా ఆ బావిలో అంతో ఇంతో ఊరేది. దానికొక కట్టుబాటు ఉండేది. పొద్దున రైలు తాగి పోయినాక, తొట్టిలో మిగిలింది ఊరికి. రైలు తాగకముందు ఎవరూ కడవ పెట్టకూడదు.

నేను కాపురానికొచ్చిన కొత్త. ఆ కరువు యేడే మా ఆడబిడ్డ తొలికాన్పుకు పుట్టింటికొచ్చిండాది. ఒక దినం రైలు రాలా. ఎండ నడినెత్తికొచ్చింది. కడవలు పెట్టుకొని కూర్చున్నోళ్లం, "ఇంక ఈ పొద్దు రాదులే, యాడో చెడిపోయింటాది" అనుకుంటిమి. టేషన్ మాస్టరు గూడా పట్టుకోండని తలూపినాడు. తొట్టి అడుగంటా పట్టుకుంటిమి. బావిలో మళ్లా ఊరేది తెల్లారినాకే.

ఇంటికి పోయేసరికి ఆడబిడ్డకు నొప్పులు. మంత్రసాని సాయిబులామె. ఊర్లో బిడ్డలందరినీ పట్టింది ఆమే. లోపల్నుంచి వచ్చి మా అత్తతో, "బిడ్డ అడ్డం తిరిగిండాదక్కా. నా చేత కాదు. రాయదుర్గం ఆస్పత్రికి తీస్కపో, లేకుంటే ఇద్దరూ దక్కరు" అనె.

అప్పుడే రైలు కూత ఇనపడె. మా అత్త రెండు చేతులెత్తి మొక్కె. మంచంతోనే ఎత్తుకొని పరిగెత్తిరి, పిల్లను పెట్టెలోకి ఎక్కించిరి. డ్రైవరు తొట్టి కాడికి ఇంజను తెచ్చి గొట్టం తిప్పినాడు. నాలుగు చుక్కలు రాలి నిలిచిపాయె.

"ఏమప్పా మాస్టరూ, నీళ్లు యాడ?"

మాస్టరు మా తట్టు చూసె. మేమందరం నేల చూస్తిమి.

"నీళ్లు లేకుండా మంటేస్తే బాయిలరు పగుల్తాది. నేను కదలను" అనేసినాడు డ్రైవరు.

పెట్టెలోంచి ఆడబిడ్డ అరుపులు. మా అత్త ఇంటికి పోయి, కడవ నెత్తిన పెట్టుకొచ్చి ఇంజను కాడ దించె. నేనొకటి తెస్తి. రెండు కడవలు దానికి ఏ మూలకు? తక్కినోళ్లు కదల్లా. పక్కింటామె, "నా బిడ్డలు రేపు ఏం తాగల్ల?" అనె. ఆమెది తప్పంటానా? ఆ నీళ్లే రేపటికి ఆ ఇంటికి ఆధారం.

మంత్రసాని పెట్టె తలుపు కాడికొచ్చి, "నీ బిడ్డల్ని పట్టింది నేనే కదమ్మే. దప్పికని ఏడిస్తే మా ఇంటికి తోలు. ఈ పిల్లకు రేపనేదే లేదు" అనె.

పక్కింటామె గొణుక్కుంటా పాయె. కడవతో వచ్చె. ఆమెను చూసి ఊరు కదిలె. మీ తాత ఇంజను వెనకాల ఉండే దాని నీళ్ల తొట్టి మీదికెక్కి అందుకుంటాడు, పోస్తాడు, ఉత్త కడవ కిందికిస్తాడు. తక్కువ కులమని టేషన్ తొట్టిని ముట్టుకోనియ్యక, మేము పైనుంచి పోస్తే పట్టుకునే కాలం కదా, ఊరి బయట పేటోళ్లు దూరంగా నిలబడి, "మా కడవలు పనికొస్తాయా సామీ?" అనిరి. డ్రైవరుది బళ్లారి, కన్నడం కలిసిన మాట. ఆయప్ప, "దానికి దప్పిక తప్ప ఏం తెల్దు తాయీ, రా" అనె.

బండి కదిలె. మీ తాత, అత్త, మంత్రసాని దాంట్లోనే పోయిరి.

మర్నాడు తిరుగు రైలొచ్చేదాకా ఏమాయెనో తెల్దు. మీ తాత దిగి, "బతికింది" అనె.

"ఎవరు?" అంటి.

"ఇద్దరూ."



అయితే రైలు అంతసేపు నిలిచిపోయిండాదే, పైవాళ్లు ఊరుకుంటారా? వచ్చి బావిలోకి తొంగిచూసి, ఈడ నీళ్లు లేవనిరి. ఇంజనుకు నీళ్లు వేరే టేషన్‌లో పట్టేటట్టు చేసిరి. నీళ్లే లేనంక నిలిచేదెందుకు? కొన్నాళ్లకు నిలవడం మానేసె. తొట్టికి నీళ్లెక్కించే మిషన్ గూడా పీక్కపోయిరి. ఆ బావిలో ఊరేదాన్ని మేమే తాడేసి చేదుకోవల్సి వచ్చె.

చేదేటప్పుడు చేతులు బొబ్బలెక్కితే పక్కింటామె మా అత్తను ఎత్తిపొడిచేది: "ఒక కాన్పుకు టేషన్‌నే మింగినారు కదమ్మే!"

"ఔను, నీ కడవ గూడా కలిపే మింగినాము. జరుగు, నేను చేదల్ల" అనేది మా అత్త.