మా పిన్నీ, నా ఆన్‌లైన్ పరీక్షా

ఆన్‌లైన్ డిగ్రీ అంటే మంచం దిగకుండా పట్టా పుచ్చుకోవడమే అనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే, కాస్త ఇలా వచ్చి కూర్చోండి. నా పరీక్ష ఎలా మునిగిందో చెబుతాను.

కొల్లేరు పక్కనున్న మా ఊరి నుంచి కాలేజీకి వెళ్లాలంటే బస్సులు మారాలి. ఆ బాధ పడలేక ఆన్‌లైన్ బీకాంలో చేరాను. "పాఠాలు ఎప్పుడైనా వినొచ్చు, పరీక్షలు పేరుకే" అని చుట్టాలందరి దగ్గరా కోతలు కోశాను. ఎప్పుడైనా వినొచ్చు అంటే ఎప్పుడూ వినకపోవడమేనని త్వరలోనే తేలింది. వినని పాఠాలు వానాకాలపు గుర్రపుడెక్కలా పేరుకుపోయాయి.

పరీక్ష రానే వచ్చింది. మా ఊళ్లో చేపల చెరువు గట్టెక్కితే తప్ప సిగ్నల్ దొరకదు. అందుకని వట్లూరులో పిన్ని ఇంటికి వెళ్లాను. కోసిన కోతలకు సిగ్గుపడి పరీక్ష సంగతి చెప్పలేదు. "కాసేపు పాఠం వింటాను పిన్నీ" అని గదిలో దూరి తలుపు దగ్గరగా వేశాను. గడియ పెట్టే జ్ఞానమే ఉంటే మీకీ కథ చెప్పే పని ఉండేది కాదు.

పరీక్ష రాస్తున్నంతసేపూ గదిలో ఇంకెవరూ ఉండకూడదు, నోరు మెదపకూడదు. ల్యాప్‌టాప్ కెమెరాలోంచి ఒక మేడం కాపలా. సగం రాశానో లేదో, పిన్ని పళ్లెంతో ప్రత్యక్షం.

"వేడి వేడి పెసరట్టే, తిను."

కళ్లతోనే వద్దన్నాను.

"కంట్లో నలకా?" అంటూ ఊదబోయింది.

ల్యాప్‌టాప్ పలికింది: "మీ గదిలో పరాయి మనిషి ఉన్నారండీ."

పిన్ని భగ్గుమంది. "పరాయి మనిషా? ఏవండీ, ఇది మా ఇల్లండీ! ఇంతకీ మీరెవరు?"

"పరీక్షకు ఇన్విజిలేటర్నండీ. తాడేపల్లిగూడెం నుంచి చూస్తున్నాను."

"గూడెమా! మా పుట్టిల్లు పక్కనే, పెంటపాడండీ!"

"అయ్యో, మాదీ పెంటపాడేనండీ! ఎవరి తాలూకు?"

ఇంక చూడండి. తెర పైన గడియారం పరిగెడుతోంది, కింద వీళ్లిద్దరూ తాతముత్తాతల దాకా వెళ్లొచ్చారు.

"అయితే మీరు నాకు అత్తయ్య వరసండీ!" అంది మేడం.

నా ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకుని నోరు విప్పాను. "అయితే నాకు మీరు వదినగారన్నమాట! కాస్త మీరే చూసుకోవాలండీ."

"తప్పకుండానమ్మా. బయటివాళ్లకైతే కారణం కూడా చెప్పను. మనవాళ్లు కాబట్టి చెబుతున్నాను, పరీక్ష రద్దు చేశాను. అత్తయ్యగారూ, గూడెం వస్తే మా ఇంటికి రండి!"

తెర నల్లబడింది.

"ఎంత మర్యాదస్తురాలే!" అని పిన్ని మురిసిపోయింది.

మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద పరీక్ష మధ్యలో ఎవరితోనూ వరస కలపను. సాక్షాత్తూ మా అమ్మే ఇన్విజిలేటర్‌గా వచ్చినా, "మేడం" అనే పిలుస్తాను.