అమ్మ పంపిన డబ్బు

నా చిన్నప్పుడు మామిడికుదురులో మా ఇంట్లో అమ్మమ్మా నేనూ ఇద్దరమే ఉండేవాళ్లం. నాన్న లేరు. అమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంట చేసేది. మా వీధిలో అలాంటి ఇళ్లు ఇంకా ఉండేవి గనుక నా ఒంటరితనం ఎవరికీ వింతగా ఉండేది కాదు. అమ్మ పాత చీర ఒకటి పక్కలో పెట్టుకుని పడుకునేదాన్ని.

తను పంపిన డబ్బుతో ఇక్కడే బట్టల కొట్టు పెట్టుకుని, మళ్లీ వెళ్లకుండా ఉండిపోవాలన్నది అమ్మ ఆశ. ఆ డబ్బు అమ్మమ్మ పక్కింటి మావయ్యగారికి అప్పిచ్చింది. ఆయన ఉప్పలగుప్తం వైపు రొయ్యల చెరువు వేశారు. తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చిపోయాయి. ఆ తర్వాత ఆయన మాకు కనబడడమే మానేశారు.

అమ్మమ్మ వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా అత్తయ్యగారు గుమ్మంలోనే నిలబడి, "ఎక్కడికో వెళ్లేరండీ" అనేవారు. ఒక ఆదివారం పొద్దున్నే అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చుంది.

"వచ్చేదాకా ఉంటానమ్మా" అంది.

మధ్యాహ్నం అత్తయ్యగారు భోజనానికి పిలిస్తే నన్ను పంపింది గానీ తను కదలలేదు. నాకు లోపల సంతోషంగానే ఉంది. డబ్బు వసూలు కావాలి, అమ్మ వచ్చేయాలి, అంతే.

ఎండ దిగాక మావయ్యగారు లోపలి గదిలోంచే బయటికొచ్చారు. మనిషి సగమైపోయారు.

"మీరు పస్తు కూర్చుంటే నాకు ముద్ద దిగలేదండీ, పిన్నిగారూ. నా దగ్గర రూపాయి లేదండీ" అని ఏడ్చారు.

"డబ్బు సంగతి తర్వాత, అబ్బాయ్. చెరువులు పోయినవాళ్లు పురుగుమందు తాగుతున్నారని వింటున్నాను. నిన్ను కళ్లతో చూస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు" అంది అమ్మమ్మ. మళ్లీ తనే, "కొబ్బరికాయలు దింపించినప్పుడల్లా సగం నాకియ్యి. ఎప్పటికి తీరితే అప్పటికి తీరుతుంది. నన్ను చూసి దాక్కోకు" అంది.

"ఆయ్, అలాగేనండీ" అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ.

బాకీ అలాగే తీరింది, కానీ ఏళ్లు పట్టింది. ఈలోగా సెలవుకొచ్చిన అమ్మ మళ్లీ కువైట్ వెళ్లిపోయింది. కారు మలుపు తిరిగాక అమ్మమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "నిన్ను అడక్కుండా నీ వాటా ఇచ్చేశానే, అమ్మతో ఉండాల్సిన నీ రోజులు" అంది. నేను చెయ్యి విడిపించుకుని లోపలికెళ్లిపోయాను. ఆ మాట అర్థమయ్యేసరికి అమ్మమ్మ లేదు.

ఇప్పుడు నాకు బాకీపడ్డవాళ్లు ఫోను ఎత్తడం మానేస్తే ముందు కోపమే వస్తుంది. తర్వాత లేచి వాళ్లింటికి వెళతాను. మనిషి ఎలా ఉన్నాడో చూశాకే మిగతా మాట. అలా వెళ్లి, అసలు మాట అడగలేక తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. వెళ్లడం మాత్రం మానలేదు.