కుడి కంట్లో పెట్టిన లెన్సు

చల్లపల్లిలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. ఒకరోజు పిల్లల వార్డులో విరేచనాలతో వాడిపోయిన పసిబిడ్డకి సెలైన్ పెట్టబోయాను. నరం వేలికి తగులుతూనే ఉంది, సూది మాత్రం పక్కకి దిగింది. మళ్ళీ గుచ్చాను. మళ్ళీ పక్కకే. బిడ్డ తల్లి నా ముఖంలోకి చూసింది. ఇంకో సిస్టర్‌ని పిలిచి సూది ఆవిడ చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాను.

ఎడమ కన్ను మూసి చూశాను. కుడి కంటికి వార్డంతా గంజినీళ్ళలోంచి చూస్తున్నట్టుంది.

అంతకు ముందటి ఏడు పొయ్యిలోకి కట్టెలు చీలుస్తుంటే పేడు ఎగిరి ఆ కంటికి తగిలింది. ఎరుపు తగ్గింది కదా అని దాని సంగతే మర్చిపోయాను. విజయవాడలో కంటి డాక్టరు గారు లైటు వేసి చూసి, "ట్రామాటిక్ కాటరాక్ట్ సిస్టర్, దెబ్బకి వచ్చిన శుక్లం. తీసెయ్యాలి" అన్నారు.

"తీసి అద్దాలిస్తారు కదండీ?" అన్నాను. ఆపరేషనయిన ముసలివాళ్ళు సోడాబుడ్డి అద్దాలతో తిరగడం నేను చూస్తూనే ఉన్నాను.

"రెండు కళ్ళకీ చేస్తే అద్దాలు సరిపోతాయి. మీకు ఒక కన్ను బాగుంది. అద్దం పెడితే ఈ కంటికి మనిషి పెద్దగా, ఆ కంటికి మామూలుగా కనిపిస్తాడు. రెండూ కలవవు. కాంటాక్ట్ లెన్సు మన ఉక్కకీ దుమ్ముకీ తట్టుకోవడం కష్టం." కొంచెం ఆగి ఆయనే చెప్పారు. "ఇంకో దారి ఉంది. ప్లాస్టిక్ లెన్సు కంటి లోపలే పెట్టడం. గుండీ కాజాలో ఇరుక్కున్నట్టు కంటిపాపకి పట్టుకుని ఉంటుంది. కానీ ఇది మన దేశానికి కొత్త, ఇంకా పరిశోధనలోనే ఉంది. కొద్దిమందికి పెట్టి, ఏళ్ళ తరబడి ఎలా ఉంటుందో చూస్తున్నాం. మీరు వద్దన్నా కాటరాక్ట్ తీస్తాం, మొహమాట పడకండి."

"లోపల అది పడకపోతేనో?" అని మా వారు ప్రకాశం గారు అడిగారు.

"తీసేస్తాం. అప్పటికి చూపు ఎంత మిగులుతుందో నేను చెప్పలేను."

తిరుగు బస్సు కంకిపాడు దాటింది. మా వారు మెల్లగా, "ఒక కంటితో బతికేవాళ్ళు లేరా సుగుణా?" అన్నారు.

"బతకొచ్చండీ. పసిబిడ్డకి సూది పెట్టలేను."

ఆ లెన్సుకే ఒప్పుకున్నాం. ఆ ఆదివారం చర్చిలో అందరూ లేచినా ఆయన మోకాళ్ళ మీదే ఉండిపోయారు.

ఆపరేషన్ రోజున తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, కంటి వెనక ఇంజక్షన్ ఇచ్చారు. నొప్పి తెలియలేదు గానీ మాటలన్నీ వినిపించాయి. "దగ్గొస్తే ముందే చెప్పండి సిస్టర్" అన్నారు డాక్టరు గారు. ఎందరికో నేను చెప్పిన మాటే. ఈసారి బల్ల మీద పడుకుని నేను విన్నాను.

కట్టు విప్పాక మసగ్గా కనిపించింది. సంతోషించేలోపే కన్ను ఎర్రబడి, తల పగిలేంత నొప్పి మొదలైంది. "లోపల వాపు, ఇన్‌ఫ్లమేషన్. లెన్సుని కన్ను ఒప్పుకోవాలి, కొంచెం ఓపిక పట్టండి" అన్నారు. స్టెరాయిడ్ చుక్కలు, ఇంజక్షన్లు. కొన్ని వారాలకి నెమ్మదించింది.

మైలవరం నుంచి వచ్చిన మామిడి రైతు వెంకయ్య గారికీ ఆ వారంలోనే లెన్సు పెట్టారు. ఆయన కన్ను మాత్రం ఒప్పుకోలేదు. కంటి ముందరి పొర, కార్నియా, ఉబ్బి తెల్లబడింది. లెన్సు తీసేసినా చూపు తిరిగి రాలేదు. చెకప్‌కి వెళ్ళినప్పుడు వరండాలో కలిశారు.

"నీకు కనపడుతోందా అమ్మా?" అని ఆయనే అడిగారు.

"కనపడుతోందండీ."

"మంచిది. డాక్టరు గారితో ఒకటే మాట చెప్పాను. తర్వాత వచ్చేవాళ్ళకి నీ సంగతొకటే చెప్తే కుదరదు, నా సంగతీ చెప్పాలని. చెప్తానన్నారు."

నేను తిరిగి వార్డుకెళ్ళాను. మొదటి రోజు సూది పట్టుకోవడానికి భయమేసి, ఔన్సు గ్లాసులోకి మందు పోసి చూసుకున్నాను. చుక్క బయటపడలేదు. ఆ సాయంత్రం ఒక బిడ్డకి సెలైన్ పెట్టాను. ఒక్కసారికే నరం దొరికింది. మందుల గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

ఏడాది తర్వాత చదువుకునే అద్దాల కోసం వేరే ఊళ్ళో ఒక కంటి క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడ పరీక్షకి ముందు అందరికీ కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తున్నారు. నాకూ వేశారు. ఇంటికొచ్చేసరికి ఒక దీపం రెండుగా కనిపిస్తోంది. అద్దంలో చూసుకుంటే లెన్సు అంచు కంటిపాప దాటి ముందుకొచ్చి మెరుస్తోంది. కాజా పెద్దదై గుండీ జారిపోయింది.

తెల్లారగానే మా వారు నన్ను విజయవాడ తీసుకెళ్ళారు. డాక్టరు గారు వెల్లకిలా పడుకోబెట్టి, కంటిపాప విచ్చుకునేదాకా చుక్కలు వేసి, తలని అటూ ఇటూ నెమ్మదిగా కదిపారు. లెన్సు దాని చోటికి జారింది. వెంటనే కంటిపాప ముడుచుకునే మందు వేశారు.

చేతులు తుడుచుకుంటూ ఆయనన్నారు. "వేరేచోట ఈ చుక్కలు వేయించుకోవద్దని మేం మీకు చెప్పి ఉండాల్సింది. లెన్సు పెట్టడం నేర్చుకున్నాం గానీ, ఇంటికెళ్ళాక ఏమేం జరుగుతాయో మీ వల్లే తెలుస్తోంది." ఆ రోజు నుంచి లెన్సు పెట్టిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పి పంపుతున్నారు.

ఇప్పుడూ పిల్లల వార్డులోనే పనిచేస్తున్నాను. ఆ కన్ను పూర్వంలా లేదు. ఎండలో వెలుగు చిట్లుతుంది, రాసే పని ఎక్కువైతే నీరు కారుతుంది. చెకప్‌కి వెళ్ళే ముందు రోజు భయం ఇంకా ఉంది. వెంకయ్య గారు మిగిలిన కంటితో తోటపని చూసుకుంటున్నారని విన్నాను. ఈ లెన్సు మంచిదా అని ఎవరైనా అడిగితే ఆయన సంగతి ముందు చెప్పి, తర్వాత నాది చెప్తాను.

మీ కంట్లోనో మీవాళ్ళ కంట్లోనో ఇలాంటి లెన్సు ఉంటే, ఎంత పెద్ద డాక్టరైనా సరే, చుక్కలు వేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టండి. "లోపల లెన్సు ఉందండీ" అని చెప్పండి. వాళ్ళు విన్నారని తెలిశాకే కన్ను తెరవండి.