నా నోటితో నేను అడిగిన ప్రార్థన

మంచాన పడినవాళ్లకు ఇంటి పైకప్పు కంఠతా వస్తుంది సహోదరులారా. గిర్మాజీపేటలోని మా ఇంటి రేకుల్లో ఏది ఎక్కడ తుప్పు పట్టిందో, వాన వస్తే ముందుగా ఏ మేకు దగ్గర చుక్క దిగుతుందో నాకు తెలిసినంతగా ఆ రేకులు వేసిన మేస్త్రీకి కూడా తెలియదు. నిరుడు ఎండాకాలం నుంచి వానలు ముదిరేదాకా నేను చూసిన లోకమంతా అదే, అంతకన్నా ఎక్కువ చూడాలని నాకు అనిపించలేదు కూడా, నా చీకటి అదే!

ఆ రోజు కుట్టుమిషన్ మీద ఎవరిదో జాకెట్టుకు చేతులు అతుకుతున్నాను. కత్తెర జారి కింద పడింది. వంగి తీసుకుందామంటే కుడి చెయ్యి నా మాట వినలేదు, లేద్దామంటే కుడి కాలు వినలేదు, మా అత్తమ్మను పిలుద్దామంటే నోరు వంకర పోయింది. మా ఆయన మోటార్ వైండింగ్ షాపులో పని చేస్తాడు, పొలాల్లో కాలిపోయిన మోటార్లను ములుగు వైపు నుంచి కూడా రైతులు అక్కడికి తెస్తుంటారు, ఆయన ఆ పని అట్లాగే వదిలేసి పరుగెత్తుకొచ్చి నన్ను ఆటోలో వేసుకొని హనుమకొండ ఆసుపత్రికి తీసుకుపోయాడు. పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం. మాట కూడా కొన్నాళ్లకు సర్దుకుంది. అయితే డాక్టరు మా ఆయనను పక్కకు పిలవకుండా నా ముందే చెప్పాడు, కాలూ చెయ్యీ తిరిగి రావాలంటే వ్యాయామమే దారి, మొదటి కొన్ని నెలలే ముఖ్యం, ఆ నెలలు పడుకొని గడిపితే తర్వాత ఎంత కష్టపడినా ఫలితం తక్కువ అని.

ఆ నెలలను నేను పడుకొనే గడుపుతూ వచ్చాను.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఏడో తరగతితో బడి మానేశాను, చదువు మాత్రం మానలేదు. మధ్యాహ్నం పని కాస్త తెరిపినిస్తే బస్సెక్కి హనుమకొండ గ్రంథాలయానికి పోయేదాన్ని. మేడ మీది గదిలో కిటికీ పక్క బల్ల నాదే అన్నట్టుండేది. ఆరోగ్యం, చరిత్ర, మనస్తత్వ శాస్త్రం, ఇతర దేశాల నవలల అనువాదాలు, చేతికి దొరికిందల్లా చదివాను. గర్వంగా చెబుతున్నాను, ఆ గర్వం కొంచెం ఎక్కువైతే ప్రభువు క్షమించుగాక. అందుకే మా సంఘంలో స్త్రీల కూడిక జరిగినప్పుడు వ్యక్తిగత ప్రేరణ అనే అంశం మీద మాట్లాడమని నన్నే అడిగారు. నేను లేచి నిలబడి, మనిషిని కదిలించేవి రెండు రకాలు అని చెప్పాను. భయం, బహుమానం, పరువు, పొగడ్త ఇవి బయటి నుంచి నెట్టేవి, అవి ఉన్నంతసేపే మనిషి కదులుతాడు. లోపలి నుంచి పుట్టే ఆశ వేరు, అది ఎవరూ చూడకపోయినా నడిపిస్తుంది, చదువైనా పనైనా ఆరోగ్యమైనా చివరిదాకా నిలిచేది దానివల్లనే అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, ఇవాళ అడిగినా అదే చెబుతాను. కానీ కొలతలు తెలిసినంత మాత్రాన జాకెట్టు తనంతట తాను కుట్టుకుంటుందా?

వ్యాయామం నేర్పే అమ్మాయి ఇంటికి వచ్చి ఒక రబ్బరు బంతి ఇచ్చింది, కుడి చేత్తో నొక్కుతూ ఉండమంది. ఆమె ఉన్నంతసేపు నొక్కేదాన్ని. ఆమె గడప దాటగానే బంతి మంచం కిందికి దొర్లిపోయేది, నేను చూస్తూ ఊరుకునేదాన్ని. మా ఆడబిడ్డ వచ్చి, ఇంత మంచి మొగుడు నీకు అన్నం తినిపిస్తుంటే నీకు బుద్ధి రావద్దా అని తిట్టిపోయింది. మా మరిది రోజూ పొద్దున్నే సూర్యుడి బొమ్మతో లేవండి మేల్కొనండి అని వాట్సాప్‌లో పంపేవాడు, తాను మాత్రం తొమ్మిది దాకా లేవడని ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లల కోసం లే అన్నారు, ఆయన కోసం లే అన్నారు, కరీంనగర్‌లో ఎవరో ఇదే జబ్బుతో పడి మళ్లీ సైకిలు తొక్కుతున్నారన్నారు. అన్నీ మంచి మాటలే, అన్నీ నేను వేదిక మీద చెప్పిన ఆ మొదటి రకమే! నా తప్పు నాకు పేరుతో సహా తెలుసు, అయినా కాలు లేవలేదు సహోదరులారా. ఒకరోజు మా ఆయన తన స్నేహితుడితో గుమ్మంలో నిలబడి మెల్లగా అంటున్నాడు, "మోటరు మంచిగనే ఉన్నదే. కరెంటే వస్తలేదు." ఆ మాట విని నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ప్రార్థనలకు మాత్రం కొదువ లేదు. మా సంఘంలో స్త్రీలు ప్రతి గురువారం సాయంత్రం ఒకరింట్లో కూడుకుంటారు, ప్రార్థనకు ముందు ఒక్కొక్కరు తమ విన్నపం చెబుతారు, రాలేనివాళ్ల విన్నపం వాళ్ల ఇంటివాళ్లు చెబుతారు. నా విన్నపం మా అత్తమ్మ చెప్పేది. అందరూ నా కోసం కన్నీళ్లతో ప్రార్థించారు, ఆ రుణం నేను ఎన్నటికీ తీర్చుకోలేను. కానీ నా మనసు ఎట్లా మారిందో చూడండి, ఇంతమంది నా కోసం అడుగుతుంటే ఇక నేను అడగవలసింది ఏముంది అనుకున్నాను. బట్టలు ఉతకడానికి పనిమనిషిని పెట్టుకున్నట్టు, నేను ఆశపడే పనిని కూడా వాళ్లకే అప్పజెప్పాను.

వానాకాలంలో ఒక గురువారం కూటం మా ఇంటికే వచ్చింది. నా మంచం చుట్టూ చాపలు పరిచారు. ఆ కూటాన్ని నడిపించేది శాంతమ్మ పెద్దమ్మ. పాలంపేట దగ్గర పొలం పనుల్లో బతికి, ముసలితనంలో వరంగల్లులో బిడ్డ ఇంటికి వచ్చి చేరింది, ఆమె ప్రార్థన చేస్తే వీధి చివర ఆటోవాళ్లకు కూడా వినబడుతుంది. విన్నపాలు మొదలయ్యాయి, మా అత్తమ్మ వంతు రాగానే, మా కోడలు కరుణ కొరకు అంటూ ఎప్పటిలాగే ఎత్తుకుంది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు వదినె. ఆమెకు నోరున్నది గదా, ఆమెనే అడుగనీ. చెప్పు బిడ్డా, నీకేం గావాలె?"

నేను తడుముకోకుండా, "దేవుని చిత్తం పెద్దమ్మా" అన్నాను.

"దేవుని చిత్తం దేవుడు సూసుకుంటడు. నీ చిత్తమేందో చెప్పు."

"పిల్లల కోసమైనా లేవాలె."

"అది పిల్లలు అడుగుకుంటరు."

"మా ఆయన గోస సూడలేకపోతున్న."

"అది ఆయన అడుగుకుంటడు. నీకేం గావాలె బిడ్డా?"

నేను రేకుల వైపు చూశాను. పెళ్లి ఎవరితో చెయ్యాలో మా నాన్న అడిగింది నన్ను కాదు, ఏ పని నేర్పాలో ఎవరూ అడగలేదు, నన్ను ప్రేమించేవాళ్లు కూడా నాకు ఏది మంచిదో వాళ్లే ఆలోచించి పెట్టారు, అందువల్ల ఆ ప్రశ్నకు జవాబు వెతకడం కూడా నాకు చేతకాలేదు. ఆమె తొందరపెట్టలేదు. కొంగుతో ఈగలు తోలుతూ కూర్చుంది. చాలాసేపటికి నా నోట్లోంచి వచ్చిన మాటకు నేనే సిగ్గుపడ్డాను. నాకు జబ్బు చేయకముందు గ్రంథాలయంలో ఒక లావు పుస్తకం సగం చదివి ఆపాను, అందులో ఒక ఓడ మంచు సముద్రంలో చిక్కుకుపోయింది, ఆ ఓడ బయటపడిందో లేదో నాకు తెలియాలి అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కింటి సుజాత ఊరుకోలేదు, "మనం అక్కను నడిపియ్యి తండ్రీ అంటున్నం, అక్కకేమో ఓడ నడువాల్నంట" అంది. నేను తల దించుకున్నాను. పిల్లలకూ భర్తకూ పనికిరాని కోరిక, పరలోకానికి అసలే పనికిరాని కోరిక, ఇటువంటిది దేవుని ముందు పెట్టవచ్చా? పెద్దమ్మ నవ్వలేదు. నా చచ్చుబడిన కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని బిగ్గరగా ఇట్లా ప్రార్థించింది.

"తండ్రీ, ఈ బిడ్డకు ఓడ సంగతి తెల్వాల్నంట. నాకు సదువు రాదు, ఆ ఓడేందో నాకు తెల్వదు, నీకు తెలుసు. ఆమె కాళ్ల మీద ఆమె నడిసి పోయి, ఆమె చేత్తోని ఆమె తిప్పి సదువుకునేటట్టు జెయ్యి. నువ్వు పుట్టిచ్చిన ఆశనే తండ్రీ, ఆర్పకు."

నువ్వు పుట్టించిన ఆశనే! ఆ మాట దగ్గర నాకు ఏడుపు ఆగలేదు సహోదరీలారా, జబ్బు చేసిన తర్వాత నేను మనసారా ఆమేన్ అన్నది ఆ రోజే.

మర్నాడే మా ఆయన ఆ పుస్తకం తెచ్చిపెడదామని గ్రంథాలయానికి పోయాడు. అట్ట ఊడిపోయింది, బయటికి ఇవ్వము, ఇక్కడే కూర్చొని చదువుకోవాలి అన్నారట. పాపం ముఖం వేలాడేసుకొని వచ్చి చెప్పాడు. నాకు మాత్రం ఎందుకో సంతోషమైంది. ఆ పుస్తకం ఇంటికి వచ్చి ఉంటే నేను మంచం మీదనే చదివి ముగించి ఉండేదాన్ని. దేవుడు కొన్ని తలుపులు మన మేలుకోసమే మూసి ఉంచుతాడు. నేను మా ఆయనతో, మంచం కింద బంతి ఉంటది, జర తీసియ్యి అన్నాను. ఆయన చీపురు పెట్టి దాన్ని బయటికి లాగుతూ ఉండిపోయాడు, ముఖం చూపించలేదు.

అప్పటి నుంచి అంతా సులువైందని చెబితే అబద్ధమవుతుంది. బంతి నొక్కితే వేళ్లు మంటలెత్తేవి. పుట తిప్పడం నేర్చుకోవడానికి పాత క్యాలెండర్ ముందు పెట్టుకొని కుడి బొటనవేలితో ఒక్కో కాగితం లేపేదాన్ని, మా చిన్నది చూసి అమ్మ నెలలు వెనక్కి తిప్పుతోంది అని నవ్వేది. స్నానాల గది దగ్గర ఒకసారి పడ్డాను. వద్దులే అనిపించిన రోజులు వచ్చాయి, ఆ రోజుల్లో నాకు నేనే ప్రార్థన చేసుకున్నాను, ప్రభువా, ఆ ఓడ అక్కడే ఆగి ఉంది, నన్ను అక్కడిదాకా తీసుకుపో అని. పుస్తకాల్లో చదివిన సంగతి అప్పుడు నా ఒంటికి తెలిసింది. వెనక నుంచి నెట్టే చేతులు ఎన్ని ఉన్నా, ముందు నుంచి పిలిచేది ఒక్కటి లేకపోతే కాలు కదలదు. ఆ పిలిచేది పెద్దదై ఉండనక్కర లేదు, మనదై ఉంటే చాలు.

చలికాలం వచ్చింది. ఆటో దిగి గ్రంథాలయం మెట్ల ముందు నిలబడ్డాను. ఎడమ చెయ్యి కడ్డీ మీద వేశాను, మా ఆయన వెనక నిలబడి, "పడితె నా మీదనే పడు, ఫికర్ జెయ్యకు" అన్నాడు. మెట్టుమెట్టుకూ ఆగుతూ, ఆయాసపడుతూ, స్తోత్రం చెప్పుకుంటూ పైకి చేరాను. కిటికీ పక్క నా బల్ల ఖాళీగానే ఉంది. దారం కట్టిన ఆ లావు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. కుడి చేత్తో పుట తిప్పాను. వంకరగా తిరిగింది, కానీ తిరిగింది!

అట్లా ఎన్నో మధ్యాహ్నాలు పోయి చదివాను, చదివేకొద్దీ మెట్లు తేలికయ్యాయి. చివరికి కెప్టెను మంచు ఎటు పగులుతుందో చూడడానికి తెరచాప స్తంభం ఎక్కాడు. పుట తిప్పాను. అట్ట వచ్చింది. ఆఖరి పుటలు ఎవరో చింపుకుపోయారు.

నేను పగలబడి నవ్వాను సహోదరులారా. చదువుకునే పిల్లలందరూ తిరిగి చూశారు, మళ్లీ జబ్బు తిరగబెట్టిందేమోనని నా కోసం కింద కాచుకొని ఉన్న మా ఆయన మెట్లన్నీ ఎక్కి పరుగెత్తుకొచ్చాడు, చింపిన చోటు చూపిస్తే ఆయనా నవ్వాడు. ఇద్దరం మెట్లు దిగాం. సగం దిగాక ఆయన నా చెయ్యి పట్టుకోలేదని గమనించాను.

గురువారం కూటంలో ఈ సాక్ష్యం చెబితే అందరూ అయ్యో అన్నారు. పెద్దమ్మ మాత్రం, "పోతె పోనియ్. ఓడను దేవుడు సూసుకుంటడు. నువ్వు ఇంకోటడుగు" అంది. అడిగాను. మళ్లీ కత్తెర పట్టుకోవాలని అడిగాను. ఈమధ్యనే ఆమెకు ఒక జాకెట్టు కుట్టి ఇచ్చాను, ఒక చెయ్యి రవ్వంత పొడుగైంది, ఆమె దాన్నే తొడుక్కొని ప్రార్థన గుడికి వస్తోంది.

ఈ పత్రిక చదువుతున్నవారిలో మంచం మీద ఉన్నవారు, మంచం మీద లేకపోయినా మనసు పడుకొని ఉన్నవారు ఉంటే, ఒక్క మాట. మీ కోసం ఎందరు ప్రార్థిస్తున్నా, ఒకసారి దేవుని ముందు కూర్చొని మీకేం కావాలో మీ నోటితో చెప్పండి. ఎంత చిన్నదైనా, నలుగురు నవ్వేదైనా వెనక్కి తీసుకోకండి, ఆ ఆశను మీలో పెట్టినవాడు దాన్ని చూసి నవ్వడు. నన్ను నిలబెట్టిన దేవునికే మహిమ కలుగును గాక, ఆ ఆఖరి పుటలు చింపుకుపోయినవారెవరో వారిని కూడా ఆయన దీవించును గాక!