కొండ మీద కాపలా, దవడలో పన్ను

డెబ్బైల చివర్లో ఒక జూన్ మధ్యాహ్నం, రెండు గంటలకు, విశాఖ రేవు ముఖద్వారం పక్కనున్న కొండ మీద రిపోర్టు చేశాను. వయసు ఇరవై నాలుగు. కిట్ బ్యాగు, రైఫిల్, వానకోటు. ఎలమంచిలి పొలాల్లో పెరిగినవాణ్ణి, అన్ని నీళ్లు ఒక్కచోట ఎన్నడూ చూడలేదు. హవల్దారుకు సెల్యూట్ కొట్టడం కూడా మరిచి నిలబడిపోయాను.

నా పని బైనాక్యులర్‌తో సముద్రాన్ని చూడటం, చూసింది ఫోనులో చెప్పడం. అరవై మెట్ల కింద బంకర్లో వైర్‌లెస్ ఆపరేటర్ ఉండేవాడు. గోపాలపట్నం మనిషి. నా మాట రేవు కంట్రోల్‌కు పంపడం అతని పని.

వైద్యపరీక్షలో పళ్ల డాక్టరమ్మ, ఆమె కెప్టెన్, నా నోట్లో వేలు పెట్టి చూసింది.

"కింద కుడివైపు జ్ఞానదంతం సగమే బయటికొచ్చింది. ఇప్పుడు నొప్పి లేదు. రాకపోవచ్చు కూడా. వస్తే మాత్రం దవడ పట్టేస్తుంది. తీయించుకుంటావో లేదో ఆలోచించుకో."

సెలవులో ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను.

"పన్ను పీకితే కన్ను పోతాది. సెప్తన్నాను, ఇనుకో," అంది.

కళ్లే నా ఉద్యోగం. డాక్టరమ్మను ఆ సంగతి అడగడానికి సిగ్గేసి వాయిదా వేశాను. హవల్దారు ఒక్క మాటే అన్నాడు: "నోరు నీది. డ్యూటీ మాత్రం ఆ నోటితోనే."

అక్టోబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు వాన. కొండ దారి కోసుకుపోయింది. మూడో రోజు పొద్దున్నకి నా కుడి చెంప ఉబ్బింది. పళ్ల మధ్య చిటికెన వేలు దూరలేదు. దారి తెగడంతో నా బదులు నిలబడటానికి మరో మనిషి రాలేడు.

పదకొండూ ఇరవైకి ఒక తెప్ప కనబడింది. ముగ్గురు మనుషులు. తెరచాప లేదు. అలలు వాళ్లను మా కొండ కింది రాళ్ల మీదికి తోస్తున్నాయి. ఫోను ఎత్తాను. మాట రాలేదు, మూలుగు వచ్చింది.

"ఏటి? సరిగ్గా సెప్పు బావా," అన్నాడు కింద నుంచి ఆపరేటర్.

ఫోను వదిలి అరవై మెట్లూ దిగాను. నా ముఖం చూసి అతను కాగితాల ప్యాడ్ ముందుకు తోశాడు.

"నువ్వు రాయి. నాను సదువుతాను."

దిక్కు, దూరం, ముగ్గురు. అతను వైర్‌లెస్‌లో చదివాడు. ఓడల్ని లాగే టగ్గు రేవు నుంచి బయలుదేరింది. పైకెక్కి చూశాను. అంత ఇనుప పడవా అలల్లో మాయమయ్యేది, మళ్లీ నీళ్లు కార్చుకుంటూ ముక్కెత్తి లేచేది. బైనాక్యులర్ దించకుండా చూశాను. పన్నెండూ పదికి ముగ్గురినీ పైకి లాగారు. పన్నెండూ పదిహేనుకి తెప్ప రాళ్లకు కొట్టుకుని విడిపోయింది. తేడా ఐదు నిమిషాలు. నా నోరు పెగలక పోయినవి నాలుగు.

దారి తెరిచిన రోజే ఆసుపత్రికి వెళ్లాను. పన్ను తీసేయమని డాక్టరమ్మకు నేనే చెప్పాను. కన్ను సంగతి కూడా అడిగేశాను. ఆమె నవ్వలేదు.

"కంటి నరం వేరు, కింది పంటి నరం వేరు. భయపడకు."

వాపు తగ్గడానికి వారం మందులు. తర్వాత ఎక్స్‌రే. పన్ను ముక్కలు చేసి తీయడానికి నలభై నిమిషాలు. ఆమె అంత చిన్న చేతుల్లో అంత బలం ఎక్కడిదో అనుకున్నాను.

రెండేళ్లకు కొండ దిగాను. ఎలమంచిలి స్టేషన్లో అమ్మ నా గడ్డం పట్టుకుని ముందు కళ్లే చూసింది.

చాలా మరిచిపోయాను. ఆ ఎక్స్‌రే మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. డాక్టరమ్మ దాన్ని రేవు వైపు కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. బూడిద రంగులో నా దవడ ఎముక. అందులో ఆ పన్ను, ఆవు కడుపులో అడ్డం తిరిగిన దూడలా పడుకుని, పక్క పంటిని తలతో నెడుతోంది. ఫిలిం వెనక, నా ఎముక మీదుగా, ఓడ ఒకటి నెమ్మదిగా రేవులోకి వెళ్తోంది.