తీసెయ్యమన్న మాట

రాజమండ్రి కాలేజీ అమ్మాయి ముందురోజే వచ్చి అంతా వివరంగా చెప్పింది. సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబాల కబుర్లు వాళ్ళ నోటితోనే చెప్పించి రికార్డు చేసి దాస్తారట. ఇష్టంలేని ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదట. చెప్పేశాక వద్దనుకున్నా తీసేస్తారట. "గదిలో ఇంకెవరూ లేకపోతే మంచిదండీ," అని కూడా అంది. మా అత్తగారున్న ఇంట్లో అది జరిగే పనేనా!

మర్నాడు ఆ అమ్మాయి రికార్డులో చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపించింది. ఉక్కకి ప్రాణం పోతోంది. అత్తగారు గుమ్మంలో పీట వేసుకుని ఎండుచేపలు ఏరుతూ కూర్చుంది. లెమ్మంటే లేవదు.

మా ఆయన వెళ్ళిన బోటు తుఫానులో తిరగబడి నాలుగేళ్ళవుతోంది. మిగతావాళ్ళు దొరికారు, ఆయన దొరకలేదు. శవం కనబడలేదు కాబట్టి కొడుకు బతికే ఉన్నాడని అత్తగారి పట్టు. కర్మ చేయనివ్వలేదు. పొద్దున్నే నా నుదుట బొట్టు చూస్తేగానీ టీ ముట్టదు. నాకు ఒళ్ళు మండేది. నా మొగుడి కోసం ఏడవడానికి కూడా ఈవిడ పర్మిషన్ కావాలా అనిపించేది.

అమ్మాయి వలల గురించీ పెళ్ళి గురించీ అడిగింది. హుషారుగానే చెప్పాను. తర్వాత తుఫాను గురించి అడిగింది. నేను మధ్యలో ఆగిపోతే తనూ ఊరుకుంది. మా ఇళ్ళల్లో ఒకరు ఆగితే నలుగురు అందుకుంటారు. ఆ పిల్ల మాత్రం నన్నే చూస్తూ కూర్చుంది. ఆ నిశ్శబ్దం భరించలేక అనేశాను.

"ఆయన ఇంక రారండి. పోయారు. నాకు తెలుసు."

గుమ్మంలో అత్తగారి చేతులు ఆగిపోయాయి.

"ఆ మాట తీసెయ్యమ్మా," అంది అమ్మాయితో.

"చెప్పింది ఆవిడ కదండీ మామ్మగారూ. ఆవిడే చెప్పాలండి."

ఇద్దరూ నా వంక చూశారు. ఇన్నాళ్ళకి ఒక్కసారి నోరు విప్పితే అదీ చెరిపేయాలా అని కోపం ముంచుకొచ్చింది. "ఉంచండి," అన్నాను.

అత్తగారు లేచొచ్చి నా పక్కన కూలబడింది.

"వాడు పోయాడని నాకు తెలీదనుకున్నావటే? కన్నదాన్ని. ఆ మాట బయటికొచ్చిందంటే మర్నాడే పెద్దలొచ్చి నిన్ను పదిమందిలో కూర్చోబెట్టి గాజులు పగలగొడతారు. నాకు చేశారు. నీకు చెయ్యనివ్వకూడదనే కదే, ఇన్నాళ్ళూ వాడొస్తాడని అందరితో దెబ్బలాడాను."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. మా ఇద్దరి మాటలూ తీసెయ్యమన్నాను.

తను వెళ్ళాక తలుపు గడియ పెట్టాం. ఆయన కోసం మొదటిసారి ఇద్దరం కలిసి ఏడ్చాం, పక్కింటికి వినబడకుండా.