లింకమ్మ వేయించిన కమ్మీ

ఆసుపత్రిలో ఆమెను అందరూ లింకమ్మ అంటారు. అసలు హోదా సమన్వయాధికారి, ఇంగ్లీషులో లింక్ ఆఫీసరు. అంత పొడుగు మాట పలికే ఓపిక ఎవరికీ లేదు. హోదాకు తగ్గ గది కూడా లేదు. ఆసుపత్రికీ, హౌసింగు శాఖకూ, ఇళ్లకు వెళ్లి చూసే నర్సుల విభాగానికీ మధ్య మాటల్లేవని పైవాళ్లకు ఎన్నాళ్లకో తెలిసొచ్చి, మాట్లాడించడానికని ఒక మనిషిని పెట్టారు. పెట్టారు గానీ, ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పలేదు. మీ మనిషంటే మీ మనిషని మూడు శాఖలూ వాదించుకుని చివరికి ఆమెకు వరండాలో చోటు చూపించాయి. బల్ల ఆసుపత్రిది. కుర్చీ హౌసింగుది. నెత్తిమీది ఫ్యాను నర్సుల విభాగానిది, దాని స్విచ్చు వాళ్ల గదిలో ఉంటుంది. వాళ్లు స్విచ్చు ఆపేసి, తలుపుకు తాళం వేసుకుని భోజనానికి వెళ్తే, లింకమ్మ ఒక అట్టముక్కతో విసురుకుంటూ ఫోన్లు చేస్తుంది.

అంతకు ముందు ఆమె వార్డులో నర్సు. జబ్బు నయమైనా ఇంటికి వెళ్లే దారిలేక మంచాల మీద ఈసురోమంటూ పడివుండే మనుషుల్ని చూసి చూసి కడుపు తరుక్కుపోయేది. ఈ ఉద్యోగం పడిందనగానే అందుకే ఎగిరి గంతేసి వచ్చింది. ఆమెకు పనిలో ఒకే ఒక్క పద్ధతి. ఏ చిన్న సంగతైనా మూడు శాఖల చెవినా వేసెయ్యడం. ఎవరి వెనక ఎవరూ ఏమీ చెయ్యకుండా ఉంటే అందరూ కలిసొస్తారని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే కాళ్లరిగేలా తిరుగుతూ వచ్చింది.

ఆ మధ్య డ్రైవరు తాత సంగతి ఆమె నెత్తిన పడింది. జీవితమంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోతే ఆసుపత్రిలో చేరాడు. కసరత్తులతో కాలు మళ్లీ దారికొచ్చింది. ఇక ఇంటికి పోవడమే తరువాయి. ఇల్లు హౌసింగు వాళ్ల బిల్డింగులో మొదటి అంతస్తు. మెట్లకు కుడిపక్కన ఒకప్పుడు ఇనప కమ్మీ ఉండేది. తుప్పుపట్టి ఊడిపోయాక మళ్లీ ఎవరూ బిగించలేదు. కుడిచేత్తో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటే తాత ఎక్కగలడు, అదే పట్టుకుని వెనక్కి అడుగులేస్తూ దిగగలడు. ఏమీ లేకపోతే పడతాడు.

పైన ఇంట్లో ఆయన భార్య ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడా మెట్లు దిగలేదు. ఆసుపత్రిలో చేరిన దగ్గర్నుంచీ ఇద్దరికీ ఫోనే దిక్కు.

"కండక్టరమ్మా, బండి కండిషన్లోనే ఉంది. రూటే ఇవ్వట్లేదు మీవాళ్లు," అనేవాడు తాత లింకమ్మ కనపడగానే. లింకమ్మ అనే పేరు ఆయనకు నచ్చలేదు.

"ఇప్పిస్తా తాతా. ఇంకొక్క రెండు రోజులు," అనేది ఆమె. ఎన్ని రెండు రోజులు గడిచాయో ఇద్దరూ లెక్క పెట్టడం మానేశారు.

కమ్మీ ఉంటే తప్ప పంపం అంది ఆసుపత్రి. నర్సుల విభాగం వచ్చి చూసి, అవసరమేనని చెప్పి, కొలతలిస్తే తప్ప కమ్మీ వెయ్యం అంది హౌసింగు. పేషెంటు ఇంటికి చేరితే తప్ప మేము గడప తొక్కం అంది నర్సుల విభాగం. ఎటు నుంచి మొదలుపెట్టినా వ్యవహారం మళ్లీ మొదటికే వచ్చేది. లింకమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని ముగ్గురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. మీటింగు బ్రహ్మాండంగా జరిగింది. టీలు తాగారు. ఒకరి కష్టాలు ఒకరికి చెప్పుకున్నారు. పాపం, ఇన్నాళ్లూ ఇలా కలవకపోవడమే పొరపాటని నొచ్చుకున్నారు కూడా. "ఇది మనమంతా కలిసి చెయ్యాల్సిన పని," అని హౌసింగు ఓవర్సీరు అంటే మిగతా ఇద్దరూ తలలూపారు. అంతా కలిసి చేసే పని గనక, ఆ తర్వాత ఏ ఒక్కరూ చెయ్యలేదు. ఎవరికి ఫోన్ చేసినా మిగతా ఇద్దరి కోసమే చూస్తున్నామని చెప్పారు. లింకమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

శనివారం వార్డు డాక్టరు తేల్చి చెప్పేశాడు. సోమవారం ఇంటికి పంపలేకపోతే తాతను ఊరి బయట ఉన్న దీర్ఘకాలిక వార్డుకు మార్చేస్తారు. ఆ వార్డుకు వెళ్లినవాళ్లు ఇంటి మొహం చూడటం అరుదు. ఆ సంగతి లింకమ్మకు తెలుసు. తాతకూ తెలిసినట్టుంది, ఆ రోజు ఆయన రూటు మాట ఎత్తలేదు.

ఇంటికి వెళ్లి కంచం ముందు కూర్చుని ఆమె తాత సంగతంతా వెళ్లబోసుకుంది. ఆమె భర్తకు సొంత వెల్డింగు షాపు ఉంది. పెళ్లాం ఉద్యోగం ఏమిటో ఆయనకు ఇప్పటికీ అంతుపట్టదు.

"మొత్తం విషయం ఇంతేనా? ఒక గొట్టం, దాన్ని నిలబెట్టే నాలుగు ఊచలు?" అన్నాడు.

"ఇంతే."

"దీనికోసమా ఇన్నాళ్లూ నన్ను నిద్రపోనివ్వలేదు? రేపు ఆదివారమేగా, పొద్దున్నే పోయి బిగించేస్తా. కానీ నువ్వు ఎవరికీ చెప్పకు."

"చెప్పకుండా ఎలా? చెప్పడమేగా నా ఉద్యోగం!"

ఆయన చెప్పినట్టే బిగించాడు. కమ్మీ పట్టుకుని బరువంతా వేసి ఊగి చూశాడు, చెక్కుచెదరలేదు. తాత భార్య గుమ్మంలో నిలబడి, "నాయనా, నీ కడుపు చల్లగుండ," అని కళ్లొత్తుకుంది.

సోమవారం పొద్దున్నే లింకమ్మ మూడు శాఖలకూ ఫోన్ చేసి శుభవార్త చెప్పింది. కమ్మీ ఉందిగా, ఇక ఎవరికీ అడ్డంకి లేదుగా అని ముగ్గుర్నీ అడిగింది. ముగ్గురూ, "అలాగా!" అన్నారు. ఆ "అలాగా"లో సంతోషమే వినిపించిందామెకు.

మధ్యాహ్నం తాతతో పాటు ఆమె కూడా అంబులెన్సులో వెళ్లింది. తాత దారి పొడుగునా డ్రైవరుకు గేర్లు ఎలా మార్చాలో చెబుతూనే ఉన్నాడు. వాహనం బిల్డింగు ముందు ఆగేసరికి మెట్ల దగ్గర ముగ్గురు మనుషులు కనిపించారు. ఓవర్సీరు, నర్సుల విభాగం సూపర్వైజరమ్మ, ఆసుపత్రి మేనేజరు. మూడు శాఖలూ ఎవరూ పిలవకుండా ఒకేచోట నిలబడగా చూడటం ఆమెకు అదే మొదటిసారి. ఆనందంతో గుండె ఆగినంత పనైంది. అప్పుడు వాళ్ల వెనక గోడకు ఆనించిన గొట్టం ముక్కలు కనిపించాయి. హౌసింగు మనిషి కోత మిషను వైరు చుట్టుకుంటున్నాడు.

"కోసేశారా?" అంది.

"మా బిల్డింగుకి బయటివాళ్లు బిగించకూడదు మేడమ్. రేపు అది ఊడి మనిషి పడ్డాడనుకోండి, మా మెడకే చుట్టుకుంటుంది," అన్నాడు ఓవర్సీరు.

"మా కొలతలు లేకుండా వేశారని ఓవర్సీరు గారు ఫోన్ చేస్తే, నేనూ వద్దనే అన్నాను," అంది సూపర్వైజరమ్మ.

"ముగ్గురం మాట్లాడుకునే చేశాం మేడమ్. మీరు ఎప్పుడూ చెప్పేది అదేగా?" అన్నాడు మేనేజరు. వెటకారం కాదు, నిజంగానే మెచ్చుకుంటుందనుకున్నాడు.

లింకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీరు కలిసి చేసిన మొదటి పని ఇదా? ఆయన్నిప్పుడు ఎక్కడికి తీసుకుపొమ్మంటారు?"

"మంచం వేరేవాళ్లకి ఇచ్చేశాం..." అని మేనేజరు నీళ్లు నమిలాడు. "ఊరి బయట వార్డే ఇక."

అంతలో పైనుంచి వణుకుతున్న గొంతు వినిపించింది. "వచ్చారా?"

"వస్తున్నానే!" అని అరిచాడు తాత. అప్పటికే అంబులెన్సు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "కండక్టరమ్మా, రైట్ చెప్పు."

లింకమ్మ ఓవర్సీరు జబ్బ పట్టుకుని కింది మెట్టు మీద నిలబెట్టింది. మధ్యలో సూపర్వైజరమ్మను, ఆ పైన మేనేజరును నిలబెట్టింది. అందరూ కుడిపక్కనే. తను తాత వెనక నిలబడి నడుం పట్టుకుంది.

"రైట్," అంది.

తాత ఓవర్సీరు భుజం పట్టుకున్నాడు. మెట్టు మెట్టుకూ ఆగి రొప్పుతూ, ఆ భుజం వదిలి ఈ భుజం అందుకుంటూ ఎక్కాడు. ఆయన ఎవర్ని దాటితే వాళ్లు పక్కనుంచి పైకి పరుగెత్తి మళ్లీ ముందుకొచ్చి నిలబడాల్సి వచ్చింది. గుమ్మంలో ముసలావిడ ఆయన చొక్కా కాలరు సరిచేసి, చెయ్యి అక్కడే ఉంచేసింది.

తాత కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకున్నాడు. "రేపట్నుంచి రోజూ పొద్దున్నే కసరత్తుకి ఆసుపత్రికి రమ్మన్నారు. మీరు ముగ్గురూ ఎన్నింటికొస్తారు బాబూ?"

ఓవర్సీరు సూపర్వైజరమ్మ వైపు చూశాడు. ఆమె మేనేజరు వైపు చూసింది. మేనేజరు చొక్కా మడతలు సర్దుకుంటూ, "అదంతా మేడమ్ చూసుకుంటారు తాతా," అన్నాడు. మిగతా ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు.

లింకమ్మ మెట్లు దిగి వెళ్లి గోడ దగ్గరున్న గొట్టం ముక్కలు ఏరి చంకలో పెట్టుకుంది. రెండో చేత్తో భర్తకు ఫోన్ చేసింది.

"మిషను తీసుకుని సాయంత్రం రా," అంది. "ఈసారి ఎవరి చెవినా వెయ్యను."